డిక్ టైగర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నైజీరియా బాక్సింగ్ గురించి మాట మొదలైతే అది చివరికి డిక్ టైగర్ దగ్గరికే చేరుతుంది. రెండు వేర్వేరు బరువుల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత వచ్చిన అంతర్యుద్ధంలో ఓడిపోయిన పక్షాన నిలబడ్డాడు. ఆటను ఒక పక్కన, యుద్ధాన్ని ఒక పక్కన పెట్టి చెబితే అతని కెరీర్‌లో రెండో సగం అర్థం కాదు. అందుకే ఇక్కడ రెండూ కలిపే చెప్పాను.

ఎవరితను? ఒక్క ముక్కలో చెప్పండి.

1962 నుంచి 1968 దాకా మిడిల్‌వెయిట్‌లో (160 పౌండ్ల బరువు) రెండుసార్లు, లైట్ హెవీవెయిట్‌లో (175 పౌండ్లు) ఒకసారి ప్రపంచ టైటిల్ గెలిచిన నైజీరియా బాక్సర్. తూర్పు నైజీరియాలోని ఇగ్బో జాతివాడు. 1929 ఆగస్టు 14న పుట్టి, 1971 డిసెంబరు 14న పోయాడు. బతికింది 42 ఏళ్ళే.

అసలు పేరే డిక్ టైగరా?

కాదు. అసలు పేరు రిచర్డ్ ఇహెటు. రిచర్డ్‌ను ముద్దుగా డిక్ అంటారు, అది సరే. ఆఫ్రికా అడవుల్లో పులులే ఉండవు కదా, మరి టైగర్ ఎక్కడిది? కుర్రాడిగా ఉన్నప్పుడు అతని బౌట్ చూసిన ఒక బ్రిటిష్ వాడు పులిలా మీద పడుతున్నాడని అన్నాడట, అదే పేరుగా నిలిచిపోయింది. ఇంటి పేరు రికార్డుల్లోకి పోయింది, పులి పోస్టర్ మీదికి ఎక్కింది.

ఎక్కడి వాడు? ఎలా పెరిగాడు?

ఇప్పటి ఇమో రాష్ట్రంలో ఉన్న అమాయిగ్బో అనే ఊరు. వ్యవసాయ కుటుంబం, తండ్రి చిన్నప్పుడే పోయాడు. తర్వాత అబా పట్టణానికి చేరాడు. తూర్పు నైజీరియాలో అబా అంటే పెద్ద బజారు. ఏదో ఒకటి కొని ఇంకొకటి అమ్మి బతకడం అక్కడివాళ్ళకు బాగా అలవాటు. కుర్రాడు రిచర్డ్ ఖాళీ సీసాలు సేకరించి అమ్మేవాడు. బేరం, పొదుపు, లెక్క అక్కడే వంటబట్టాయి. తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయ్యాక కూడా అవి పోలేదు.

అమెచ్యూర్‌గా ఏం సాధించాడు?

చెప్పుకోదగ్గ పతకాలేం లేవు. ఇప్పటి బాక్సర్లను చూసి అలవాటైన వాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్ అంటే జూనియర్ పోటీలు, జాతీయ శిబిరం, ఒలింపిక్స్, ఆ తర్వాతే ప్రొఫెషనల్ అనుకుంటాం. 1940ల చివర్లో అబాలో అలాంటి మెట్లేవీ లేవు. ఆ ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ సైనికుల చొరవతో నడిచే క్లబ్బులు, వాటిలో జరిగే బౌట్‌లు, అంతే. గ్లవ్స్ కట్టుకోవడం నేర్చుకున్నది ఆ క్లబ్బుల్లోనే.

నైజీరియా ఒలింపిక్స్‌కు మొదటిసారి వెళ్ళింది 1952లో, హెల్సింకీకి. వెళ్ళినవాళ్ళంతా పరుగులు, గెంతులవాళ్ళే, బాక్సర్లు లేరు. సరిగ్గా ఆ ఏడాదే టైగర్ ప్రొఫెషనల్ అయ్యాడు. అప్పటికి వయసు 23. కాబట్టి 'ఒలింపిక్స్‌కు ఎందుకు వెళ్ళలేదు' అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే: వెళ్ళడానికి దారి పడకముందే అతను ఇంకో దారి పట్టాడు.

ప్రొఫెషనల్‌గా మొదట్లో ఎవరితో తలపడ్డాడు?

ఆ రికార్డు చదువుతుంటే నవ్వొస్తుంది. ఈజీ డైనమైట్, సూపర్ హ్యూమన్ పవర్, లయన్ రింగ్, మైటీ జో, కోకో కిడ్... ప్రత్యర్థుల పేర్లు ఇలా ఉంటాయి. పాత జానపద సినిమా పోస్టర్ చూస్తున్నట్టే. టికెట్లు తెగాలంటే పేరులో దమ్ముండాలి, అప్పటి నైజీరియా రింగుల్లో అదీ పద్ధతి. అందులో డిక్ టైగర్ అన్నది సాదాసీదా పేరే.

పేర్లు చూసి అందరూ ఉత్తుత్తి వాళ్ళనుకోకండి. టామీ వెస్ట్ అనే అతను టైగర్‌ను ఓడించాడు కూడా. నైజీరియాలో నేర్చుకోగలిగింది నేర్చుకున్నాక ఇంక పైకి ఎదగాలంటే ఓడ ఎక్కాల్సిందే.

ఇంగ్లండ్ ఎందుకు వెళ్ళాడు?

హోగన్ కిడ్ బాసీ వెళ్ళాడు కాబట్టి. బాసీ కూడా నైజీరియా వాడే, కలబార్ ప్రాంతం వాడు. లివర్‌పూల్‌లో స్థిరపడి మంచి పేరు తెచ్చుకుంటున్నాడు. ఆ రేవు పట్టణంలో పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన నావికులు, కూలీలు ముందునుంచే ఉన్నారు. టైగర్ 1955 చివర్లో అక్కడ దిగాడు.

దిగగానే వరసగా నాలుగు బౌట్‌లు ఓడిపోయాడు.

చలి, తెలియని తిండి, పక్కన ఇంటివాళ్ళు లేరు, చేతిలో డబ్బు లేదు. ఖర్చుల కోసం ఫ్యాక్టరీ పనికి వెళ్ళి, సాయంత్రం జిమ్‌కు వెళ్ళేవాడు. వయసేమో 26 దాటింది. నాలుగు ఓటములతో ఆ వయసులో ఇంటికి తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, ఈ పేజీ కూడా ఉండేది కాదు. ఉండిపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మనవాళ్ళు. ఇతనికి ఆ వరసే కుదరలేదు. రచ్చలో ఓడి, రచ్చలోనే గెలిచి, తర్వాత ఇంట గెలిచాడు.

ఎక్కడ మలుపు తిరిగింది?

1957 మే 14న లండన్‌లోని షోర్‌డిచ్ టౌన్ హాల్లో. ఎదుట టెర్రీ డౌన్స్, లండన్ కుర్రాడు, అప్పుడే ప్రొఫెషనల్ అయ్యాడు, అందరూ కాబోయే స్టార్ అంటున్నారు. టైగర్‌ను పిలిచింది డౌన్స్ గెలవడానికే. ఐదు రౌండ్లలో డౌన్స్ పని ముగిసింది. తర్వాత ఎవరితో ఆడతావని విలేకరులు అడిగితే, ఈ బౌట్ కుదిర్చినవాడితో అన్నాడట డౌన్స్. ఆ డౌన్స్ చిన్నవాడేం కాదు, 1961లో అతనూ ప్రపంచ టైటిల్ పట్టాడు.

1958 మార్చి 27న లివర్‌పూల్‌లోనే పాట్ మెక్‌అటీర్‌ను తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ చేసి, టైగర్ కామన్వెల్త్ మిడిల్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు. దాన్ని అప్పట్లో ఎంపైర్ టైటిల్ అనేవాళ్ళు. నాలుగు ఓటములతో మొదలుపెట్టిన ఊళ్ళోనే పట్టాభిషేకం.

ఆ టైటిల్ మధ్యలో పోయిందంటారు, నిజమేనా?

నిజమే. 1960 జూన్‌లో కెనడాలోని ఎడ్మంటన్‌లో విల్ఫ్ గ్రీవ్స్‌తో బౌట్. మొదట డ్రా అని ప్రకటించారు. తర్వాత స్కోరు కార్డుల లెక్క మళ్ళీ చూసి గ్రీవ్స్ గెలిచాడన్నారు. టైగర్ గొడవ చేయలేదు. అదే ఏడాది నవంబరులో అదే ఊరికి వెళ్ళి, అదే గ్రీవ్స్‌ను తొమ్మిదో రౌండ్‌లో ఆపి, లెక్క చూసే పనే లేకుండా టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు.

ఆట తీరు ఎలా ఉండేది?

ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మిడిల్‌వెయిట్‌కు ఇది తక్కువే. చేతులు పొడుగు లేవు. గంతులు, డ్యాన్సులు లేవు. గడ్డం లోపలికి పెట్టి, చిన్న చిన్న అడుగులతో ముందుకు వస్తూనే ఉంటాడు. రింగ్‌లో ఎదుటివాడికి ఖాళీ జాగా మిగలనివ్వకుండా, పక్కకు తప్పుకునే దారి మూసేస్తూ తాళ్ళదాకా నెడతాడు. అక్కడ లెఫ్ట్ హుక్. చేతిని వెనక్కి లాగి ఊపి కొట్టేది కాదు, మోచేయి వంపు చెదరకుండా జానెడు దూరం నుంచి వచ్చి పడేది. పక్కటెముకల మీద ఒకటి, చేతులు కిందికి దిగగానే దవడ మీద ఒకటి.

చూసేవాళ్ళకు ఇది మొరటుగా కనిపించవచ్చు. నిజానికి మొరటువాడు ఎదుటివాడి పంచ్‌లు తింటూ ముందుకెళ్తాడు. టైగర్ తల కొద్దిగా పక్కకు జరిపి, పంచ్‌ను భుజం మీదుగా పోనిచ్చి వెళ్ళేవాడు. పదేళ్ళకు పైగా పెద్దవాళ్ళందరితో తలపడి కూడా ఒకే ఒక్కసారి కిందపడి లేవలేక పది అంకెలు లెక్కపెట్టించుకున్నాడంటే కారణం అదే.

ప్రపంచ ఛాంపియన్ ఎలా అయ్యాడు?

1959లో న్యూయార్క్ మకాం మార్చాడు. మేనేజర్ జెర్సీ జోన్స్, ట్రైనర్ జిమ్మీ ఆగస్ట్. అక్కడి పేరున్న బాక్సింగ్ వేదిక మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చినా టైటిల్ అవకాశం కోసం మూడేళ్ళు ఆగాల్సి వచ్చింది. ఛాంపియన్లకు అతనంటే పెద్ద ఆసక్తి లేదు. ఓడే ప్రమాదం ఎక్కువ, గెలిస్తే వచ్చే డబ్బు తక్కువ. అలాంటి వాడితో ఎవరాడతారు?

చివరికి జీన్ ఫుల్మర్ ఒప్పుకున్నాడు. యూటా రాష్ట్రం వాడు, ఒకప్పుడు షుగర్ రే రాబిన్సన్‌ను ఓడించిన మొండి మనిషి. 1962 అక్టోబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో 15 రౌండ్లు ఆడి టైగర్ జడ్జిలు ఇచ్చిన పాయింట్ల మీద గెలిచాడు. ఫుల్మర్ బలమంతా ఎదుటివాణ్ని వెనక్కి నెట్టడంలో ఉంది. ఆ రాత్రి వెనక్కి నడిచింది ఫుల్మరే.

ఫుల్మర్ దగ్గరున్నది డబ్ల్యూబీఏ (ప్రపంచ బాక్సింగ్ సంఘం) టైటిల్. న్యూయార్క్ రాష్ట్ర బాక్సింగ్ కమిషన్ మాత్రం పాల్ పెండర్‌ను ఛాంపియన్ అనేది. 1963లో పెండర్ రిటైరయ్యాక ఆ పేచీ తీరింది, టైగర్ ఒక్కడే మిగిలాడు. ఈలోగా ఫిబ్రవరిలో లాస్ వేగాస్‌లో ఫుల్మర్‌తో రెండో బౌట్ డ్రా అయింది. తేలాల్సింది మూడో బౌట్‌లో.

ఇబాదాన్ బౌట్ గురించి అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటారు?

మూడో బౌట్ అమెరికాలో జరగలేదు. 1963 ఆగస్టు 10న నైజీరియాలో, ఇబాదాన్ నగరంలోని లిబర్టీ స్టేడియంలో జరిగింది. నైజీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది 1960 అక్టోబరు 1న. ఆ సందర్భంలోనే కట్టిన స్టేడియం అది, పేరులోనే స్వేచ్ఛ ఉంది. ఇప్పుడు దానికి నైజీరియా నాయకుడు ఒబాఫెమి అవొలొవొ పేరు పెట్టారు. కొత్త దేశం, కొత్త స్టేడియం, సొంత ఛాంపియన్. అమెరికా నుంచి ఫుల్మర్ లాంటి వాణ్ని రప్పించాలంటే మాటలా? పెద్ద మొత్తం గ్యారంటీ ఇవ్వాలి. పైసలు పెట్టడానికి ప్రభుత్వం వెనకాడలేదు.

ఇబాదాన్ యోరుబా అనే ఇంకో జాతివాళ్ళ నగరం. టైగర్ ఇగ్బో. ఆ రాత్రి స్టేడియంలో ఎవరూ ఆ లెక్క వేయలేదు. ఫుల్మర్ ఏడు రౌండ్లు దెబ్బలు తిన్నాడు. కళ్ళ చుట్టూ వాచిపోయి, చీరుకుపోయి ఉన్న మనిషిని చూసి, ఎనిమిదో రౌండ్‌కు గంట మోగకముందే మేనేజర్ మార్వ్ జెన్సన్ చాలు అనేశాడు. ఫుల్మర్ ఆ తర్వాత మళ్ళీ రింగ్ ఎక్కలేదు.

నాలుగేళ్ళలో ఆ దేశం రెండుగా చీలి యుద్ధానికి దిగుతుందని ఆ రాత్రి చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నా మటుకు నాకు టైగర్ కెరీర్‌లో అన్నిటికన్నా పెద్ద రాత్రి ఇదే. టైటిల్ గెలిచిన రాత్రి కూడా నా లెక్కలో దీని కిందికే వస్తుంది.

ఆఫ్రికాలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ టైటిల్ బౌట్ అదేనా?

చాలా చోట్ల అలాగే రాస్తారు కానీ కాదు. 1950లోనే జొహానెస్‌బర్గ్‌లో విక్ టోవీల్, మాన్యుయెల్ ఓర్టిజ్‌ను ఓడించి బాంటమ్‌వెయిట్ టైటిల్ తీసుకున్నాడు. కాకపోతే అది తెల్లవాళ్ళ పాలనలో ఉన్న దక్షిణాఫ్రికా. స్వతంత్రం వచ్చిన నల్లజాతి ఆఫ్రికా దేశంలో, ఆ దేశపు ఛాంపియన్ టైటిల్ నిలబెట్టుకోవడం మాత్రం ఇబాదాన్‌లోనే మొదలు.

జోయీ జియార్డెల్లోతో ఎన్నిసార్లు ఆడాడు?

నాలుగుసార్లు. ఇద్దరికీ చెరి రెండు. 1959లో రెండు నెలల వ్యవధిలో చెరొకటి గెలిచారు. 1963 డిసెంబరు 7న అట్లాంటిక్ సిటీలో జియార్డెల్లో పాయింట్ల మీద టైటిల్ పట్టుకుపోయాడు, ఇబాదాన్ సంబరం నాలుగు నెలలు కూడా నిలవలేదు. మళ్ళీ బౌట్ ఇవ్వడానికి జియార్డెల్లో దాదాపు రెండేళ్ళు తీసుకున్నాడు. 1965 అక్టోబరు 21న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టైగర్ టైటిల్ తిరిగి తీసుకున్నాడు. 1962లో ఒకసారి, 1965లో ఇంకోసారి రింగ్ అనే బాక్సింగ్ పత్రిక అతన్ని ఆ ఏటి మేటి బాక్సర్‌గా ప్రకటించింది.

హరికేన్ కార్టర్‌ను ఓడించింది ఇతనేనా?

అవును. రూబిన్ 'హరికేన్' కార్టర్ తర్వాత హత్యల కేసులో ఏళ్ళ తరబడి జైల్లో ఉండి ప్రపంచమంతా తెలిసినవాడు అయ్యాడు. 1965 మే 20న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో టైగర్ అతన్ని మూడుసార్లు కిందపడేశాడు. అప్పటికి కార్టర్ అంటే చూపుతోనే భయపెట్టేవాడని పేరు. టైగర్ చూపుల పోటీకి దిగే రకం కాదు.

మిడిల్‌వెయిట్ టైటిల్ చివరికి ఎవరికి పోయింది?

ఎమిల్ గ్రిఫిత్‌కు, 1966 ఏప్రిల్ 25న. గ్రిఫిత్ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్, పై బరువుకు వచ్చి ఆడాడు. తొమ్మిదో రౌండ్‌లో టైగర్ కింద పడ్డాడు. తీర్పు మీద అప్పుడూ గొడవే, ఇప్పుడూ గొడవే. టైగర్ గెలిచాడనేవాళ్ళు చాలామంది ఉన్నారు.

మరి లైట్ హెవీవెయిట్‌కు ఎందుకు వెళ్ళాడు?

వయసు 37. 160 పౌండ్ల బరువులో, అంటే దాదాపు 72.6 కిలోల్లో, అతనికి ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు. పైన 175 పౌండ్ల బరువులో హోసే టోరెస్ ఛాంపియన్‌గా ఉన్నాడు. న్యూయార్క్‌లో స్థిరపడ్డ ప్యూర్టోరికో వాడు, 1956 ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచినవాడు. టైగర్ ఆ బరువుకు ఎప్పుడూ నిండుగా తూగలేదు. తన ఒంటి బరువుతోనే, తనకన్నా పెద్దవాళ్ళతో తలపడ్డాడు.

1966 డిసెంబరు 16న గార్డెన్‌లో టోరెస్‌ను 15 రౌండ్లలో పాయింట్ల మీద ఓడించాడు. 1967 మే 16న రెండో బౌట్‌లోనూ గెలిచాడు, కానీ ఈసారి జడ్జిల్లో ఏకాభిప్రాయం లేదు. టోరెస్ అభిమానులు ఊరుకోలేదు. పై వరసల నుంచి సీసాలు, చేతికందిన వస్తువులు రింగ్ వైపు వచ్చి పడ్డాయి. సీసాలు అమ్ముకుని బతుకు మొదలుపెట్టిన మనిషి గెలుపు రాత్రి సీసాల వానలో బయటపడ్డాడు.

సరిగ్గా రెండు వారాలకు, మే 30న, తూర్పు నైజీరియా విడిపోయి బయాఫ్రా పేరుతో స్వతంత్రం ప్రకటించుకుంది.

బయాఫ్రా అంటే ఏమిటి? అందులో ఇతని పాత్ర ఏమిటి?

1966లో నైజీరియాలో రెండు సైనిక తిరుగుబాట్లు జరిగాయి. ఉత్తరాదిలో ఉంటున్న ఇగ్బోలను వేల సంఖ్యలో చంపేశారు. మిగిలినవాళ్ళు ఇళ్ళు, దుకాణాలు వదిలేసి రైళ్ళలో, లారీల్లో తూర్పుకు పారిపోయి వచ్చారు. ఈ పరిస్థితుల్లో తూర్పు ప్రాంతపు సైనిక గవర్నర్ ఒజుక్వు బయాఫ్రా ప్రకటించాడు. 1967 జులైలో యుద్ధం మొదలైంది. 1970 జనవరి 15న బయాఫ్రా లొంగిపోయేదాకా సాగింది. తుపాకులకన్నా ఆకలికే ఎక్కువమంది పోయారు. నైజీరియా ప్రభుత్వం పెట్టిన దిగ్బంధంలో పిల్లలు ఎముకల గూళ్ళయిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది.

టైగర్ ఇల్లు, కుటుంబం, ఆస్తి అన్నీ ఆ నేల మీదే ఉన్నాయి. అతను అమెరికాలో నోరు మూసుకుని కూర్చుంటే టైటిల్ ఉండేది, డబ్బుండేది, అప్పటి నైజీరియా రాజధాని లాగోస్‌లో స్వాగతమూ ఉండేది. బయాఫ్రా పక్షాన నిలబడతానని బాహాటంగా చెప్పాడు. ఆ సైన్యంలో లెఫ్టినెంట్ హోదా తీసుకున్నాడు. సైనికులకు వ్యాయామం నేర్పడం, ధైర్యం చెప్పడం అతని పని. తుపాకీ పట్టి ముందు వరసలో పోరాడాడని కొన్నిచోట్ల కథలుగా రాస్తారు, అలాంటిదేం లేదు. ప్రపంచ ఛాంపియన్ మన పక్కనున్నాడు అన్న మాటే బయాఫ్రాకు కావలసింది.

ఇక్కడి నుంచి అతని బౌట్‌ల తేదీలను యుద్ధం తేదీల పక్కన పెట్టి చూడండి. 1967 అక్టోబరులో బయాఫ్రా రాజధాని ఎనుగు పడిపోయింది. నవంబరు 17న లాస్ వేగాస్‌లో రోజర్ రౌస్‌ను 12వ రౌండ్‌లో ఆపి టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1968 మేలో పోర్ట్ హార్కోర్ట్ రేవు చేజారింది. అదే నెల 24న బాబ్ ఫోస్టర్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నాడు. సెప్టెంబరులో సొంత ఊరనదగ్గ అబా కూడా నైజీరియా ప్రభుత్వ (ఫెడరల్) సైన్యం చేతికి చిక్కింది. అక్టోబరులో మళ్ళీ గార్డెన్‌లో రింగ్ ఎక్కాడు. ఇంటి దగ్గర ఏమవుతోందో సరిగ్గా తెలియని టెన్షన్‌లో ఒక మనిషి ట్రైనింగ్ ఎలా చేశాడా అనిపిస్తుంది.

బాబ్ ఫోస్టర్ బౌట్‌లో ఏం జరిగింది?

ఎత్తులో ఏడంగుళాల తేడా. ఫోస్టర్ 6 అడుగుల 3 అంగుళాలవాడు, చెయ్యి చాపితే చాలు, టైగర్ అతన్ని అందుకోలేడు. నాలుగో రౌండ్‌లో ఒక లెఫ్ట్ హుక్. టైగర్ వెల్లకిలా పడ్డాడు. రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేవలేకపోయాడు. కెరీర్ మొత్తంలో అలా జరిగింది ఆ ఒక్కసారే. ఫోస్టర్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ టైటిల్ ఎవరికీ వదల్లేదు కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

అక్కడితో ఆపేశాడా?

లేదు, ఆపే స్తోమత లేదు. 1968 అక్టోబరు 25న ఫ్రాంక్ డిపౌలాతో ఆడిన బౌట్‌ను రింగ్ పత్రిక ఆ ఏటి అత్యుత్తమ బౌట్‌గా ఎంచింది. రెండో రౌండ్‌లో టైగర్ రెండుసార్లు పడ్డాడు. మూడో రౌండ్‌లో డిపౌలా రెండుసార్లు పడ్డాడు. పది రౌండ్ల చివర టైగర్ గెలిచాడు.

1969 మే 26న ఇటలీ వాడు నినో బెన్వెనుటిని ఓడించాడు. బెన్వెనుటి అప్పటికి మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్, టైగర్‌కు 40 రాబోతున్నాయి. మొదటి రౌండ్‌లోనే బెన్వెనుటి చెయ్యి విరిగిందన్నది నిజమే. అది టైటిల్ బౌట్ కాకపోవడంతో టైగర్‌కు గెలుపు మిగిలింది, బెల్టు రాలేదు. చివరి బౌట్ 1970 జులై 15న, మళ్ళీ ఎమిల్ గ్రిఫిత్‌తోనే. ఓడిపోయాడు.

బ్రిటిష్ పతకం వెనక్కి పంపేశాడట?

పంపేశాడు. 1963లో బ్రిటన్ అతనికి ఎంబీఈ గౌరవం ఇచ్చింది. యుద్ధంలో బ్రిటన్ నైజీరియా ఫెడరల్ ప్రభుత్వానికి ఆయుధాలు అమ్ముతూ వచ్చింది. 1969 నవంబరులో బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ తన ఎంబీఈని వెనక్కి పంపుతూ చెప్పిన కారణాల్లో బయాఫ్రా కూడా ఒకటి. వెంటనే డిసెంబరులో టైగర్ తన పతకాన్ని పోస్టులో వాషింగ్టన్‌లోని బ్రిటిష్ రాయబార కార్యాలయానికి పంపాడు. దాన్ని చూసినప్పుడల్లా బ్రిటన్ పంపే ఆయుధాలతో చచ్చిపోతున్న తనవాళ్ళు గుర్తొస్తున్నారని ఉత్తరంలో రాశాడు.

లెనన్ పంపినప్పుడు వార్త ప్రపంచమంతా మోగింది. టైగర్ పంపినప్పుడు అంతగా ఎవరూ పట్టించుకోలేదు. పోగొట్టుకునేది మాత్రం ఎవరికి ఎక్కువో చెప్పక్కర్లేదు.

అంత సంపాదించిన మనిషి చివర్లో ఉద్యోగం చేయాల్సి వచ్చిందా?

తాగుడు, జూదం లాంటి అలవాట్లేవీ లేవు. వచ్చిన ప్రతి డాలరూ ఇంటికి పంపి ఇళ్ళు, భవనాలు కొన్నాడు. బాక్సర్లందరూ చివర్లో చేతులెత్తేస్తారన్న మాట తన విషయంలో నిజం కాకూడదని జాగ్రత్త పడ్డాడు. నాలుగు రాళ్ళు వెనకేసుకున్న చోటే యుద్ధం వచ్చింది. ఉన్నదంతా చాలావరకు పోయింది. రిటైరయ్యాక న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో గార్డుగా చేరాడు. గార్డెన్‌లో వేలమంది చూసిన మనిషి అదే ఊళ్ళో యూనిఫాం వేసుకుని సందర్శకుల మధ్య నిలబడ్డాడు. ఆ పనిలో ఉండగానే నొప్పి అని డాక్టర్ దగ్గరికి వెళితే లివర్ క్యాన్సర్ అని తేలింది.

నైజీరియాకు తిరిగి రానిచ్చారా?

రానిచ్చారు. బయాఫ్రా పక్షం వహించినందుకు అతను దేశంలో అడుగుపెట్టే వీలు లేకుండా ఉండేది. జబ్బు సంగతి తెలిశాక ప్రభుత్వం అడ్డు చెప్పలేదు. 1971లో అబాకు వచ్చాడు, ఆ డిసెంబరులోనే పోయాడు. భార్య, ఎనిమిదిమంది పిల్లలు.

19 ఓటములున్నవాణ్ని గొప్ప బాక్సర్ అని ఎలా అంటారు?

లెక్క ఇదీ: 60 గెలుపులు, వాటిలో 27 నాకౌట్‌లు, 19 ఓటములు, 3 డ్రాలు. ఇప్పటి ఛాంపియన్లు 30-0 (30 గెలుపులు, సున్నా ఓటములు) అని చొక్కాల మీద రాసుకుంటారు. ఆ సున్నా కాపాడుకోవడానికి ఎవరితో ఆడకూడదో ముందే లెక్కలు వేసుకుంటారు. టైగర్ ఓడిన పేర్లు చూడండి: జియార్డెల్లో, గ్రిఫిత్, ఫోస్టర్, జోయీ ఆర్చర్. ఇంగ్లండ్‌లో దిగిన కొత్తలో వచ్చినవి, తీర్పులు అటూఇటూ అయినవి తీసేస్తే మిగిలేవి కొన్నే. 1991లో అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చేటప్పుడు ఆ 19 ఎవరికీ అడ్డు రాలేదు.

నైజీరియా మొదటి ప్రపంచ ఛాంపియన్ ఇతనేనా?

కాదు, హోగన్ బాసీ. 1957 జూన్ 24న పారిస్‌లో షెరీఫ్ హామియాను ఓడించి ఫెదర్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. టైగర్ రెండోవాడు, కానీ రెండు బరువుల్లో గెలిచిన మొదటివాడు.

తర్వాత నైజీరియా నుంచి ఎవరొచ్చారు?

అమెచ్యూర్‌లో చాలామంది. 1964 టోక్యోలో నోజిమ్ మయెగున్ కాంస్యం గెలిచాడు, నైజీరియాకు ఏ ఆటలోనైనా అదే తొలి ఒలింపిక్ పతకం. 1984లో పీటర్ కొన్యెగ్వాచి రజతం. 1992 బార్సిలోనాలో డేవిడ్ ఇజొన్రిటెయి, రిచర్డ్ ఇగ్బినెఘు ఇద్దరూ పెద్ద బరువుల్లో రజతాలు. 1996లో డంకన్ డొకివారి కాంస్యం. ప్రొఫెషనల్‌లో శామ్యూల్ పీటర్ 2008 మార్చిలో ఒలెగ్ మస్కాయెవ్‌ను ఓడించి డబ్ల్యూబీసీ (ఇంకో ప్రపంచ బాక్సింగ్ సంస్థ) హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు, అక్టోబరులో విటాలి క్లిచ్కో దాన్ని తీసేసుకున్నాడు.

టైగర్‌కు లేని ఒలింపిక్ మెట్టు వీళ్ళకు దొరికింది. అతనికి దొరికినన్ని పెద్ద బౌట్‌లు మాత్రం వీళ్ళెవరికీ దొరకలేదు.

వీడియోలు దొరుకుతాయా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కొన్ని దొరుకుతాయి, నలుపు తెలుపులో, కొన్ని ముక్కలు ముక్కలుగా. బాక్సింగ్ కొత్తవాళ్ళయితే డిపౌలా బౌట్‌తో మొదలుపెట్టండి, మొదటి మూడు రౌండ్లు కళ్ళు తిప్పుకోనివ్వవు. ఆట తెలిసినవాళ్ళు టోరెస్‌తో ఆడిన బౌట్ చూడండి, మొదటిసారి పంచ్‌లు వదిలేసి టైగర్ పాదాలు మాత్రమే గమనించండి, తాళ్ళదాకా ఎలా నెడుతున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఫోస్టర్ బౌట్ ఎలాగూ అందరికన్నా ముందు కళ్ళబడుతుంది, ఇంటర్నెట్‌లో అదే ఎక్కువ తిరుగుతోంది. దాన్ని చివరికి ఉంచుకోండి.